ఈ కుర్చీ పేరు ఫలానా

జూన్ 2, సోమవారం

ఉదయం 5.30. లేచాను! అలారం కంటే రెండు నిమిషాలు ముందే! అలారమే నన్ను చూసి సిగ్గుపడి ఉండాలి.

ఈ డైరీ ఇవాళ్టి నుంచి నా స్పానిష్ దీక్షకు సాక్షి. ఇరవై ఒక్క రోజులు. ఈ నెల ఇరవై మూడున, స్పానిష్ మాట్లాడే ఒక మేడమ్ మా కర్రపని షెడ్డుకు వస్తున్నారు. ఆవిడకు కుర్చీల దుకాణాలు పదకొండు ఉన్నాయి. ఆ ఒక్కరోజులో ఆరు షెడ్లు చూసి, అన్నిట్లోకీ కలిపి ఒకే ఒక్క రకం కుర్చీని ఎంచుకుంటారట. ఒక్కో షెడ్డుకు ఇచ్చేది పావుగంట.

షెడ్డు మా మామయ్యది. ఆయన డెబ్బై ఒక్క ఏళ్ళ వడ్రంగి. పెద్దల్లుడు, అంటే నా తోడల్లుడు, ఆర్డర్లూ ఫోన్లూ చూస్తారు. చిన్నల్లుణ్ణి నేను. కుషన్లు కుడతాను. మేడమ్‌కు చూపించబోయే కుర్చీ మామయ్య సొంత ఆలోచన. అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఎవరి సాయమూ లేకుండా ఆమె లేవగలిగేలా ఇంట్లోకి ఒకటి చేశారు. చేతులు ముందుకు సాగి ఉంటాయి. సీటు వెనకవైపు కాస్త ఎత్తు. అలాంటిదే ఇంకొకటి చేసి, పాలిష్ పెట్టి, అమ్మకానికి షెడ్డు ముందుగదిలో ఉంచారు. ఎనిమిది నెలలైంది. వచ్చినవాళ్ళంతా "ఇదేంటి, ముందుకు వంగినట్టుంది" అని పక్కనున్నది పట్టుకుపోతున్నారు.

నిన్న భోజనాల దగ్గర మామయ్య తేల్చేశారు.

"ఈవిడ కూడా వద్దంటే దీన్ని విప్పేసి స్టూళ్ళు చేస్తా. ఇక సొంత నమూనాలూ లేవు, గిమూనాలూ లేవు. పెద్దల్లుడు చెప్పినట్టు స్కూలు బల్లలే చేసుకుందాం."

నేను ఆలోచించేలోపే నా నోరు లేచింది. "మామయ్యా, ఆ కుర్చీ గురించి ఆవిడకు స్పానిష్‌లో నేను చెప్తాను!"

మా ఆవిడకు పొలమారింది.

ఉదయం 6.00. నియమాలు:
రోజూ 5.30కు లేవడం.
రోజుకు ఇరవై మాటలు.
సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో తెలుగు బంద్.
సాకులు చెప్పరాదు.

సాయంత్రం 6.30. గురువు దొరికారు! వెనక వీధిలో ఇస్త్రీ కొట్టు నడిపే కెప్టెన్ గారు. స్పానిష్ ఓడలో పదకొండేళ్ళు పనిచేశారు, వంటవాడిగా. అసలు కెప్టెన్‌ను దూరం నుంచి రెండుసార్లు చూశారట. ఆ లెక్కన ఆ పేరు.

"శిష్యా, పొద్దున ఐదున్నరకు రా. బొగ్గు రాజుకునేలోపు నీకు పాఠం అయిపోవాలి."

ఇరవై ఒక్క రోజులు ఎక్కువేమో! పది చాలేమో!

జూన్ 3, మంగళవారం

ఉదయం 6.40. మొదటి వాక్యం వచ్చేసింది. ఎస్తా సీయా సె యామ. ఎస్తా అంటే ఈ. సీయా అంటే కుర్చీ. సె యామ అంటే ఫలానా అని పేరు. "ఎస్తా సీయా సె యామ ఫలానా." దారంతా అనుకుంటూ వచ్చాను. పాలవాడు సైకిల్ ఆపి మరీ చూశాడు.

సాయంత్రం 7.00 నుంచి 7.04 దాకా తెలుగు బంద్. 7.04కు మా ఆవిడ అడిగింది, "గ్యాస్ ఆపారా?" స్పానిష్‌లో ఆపలేదు అనడం రాదు. పరుగెత్తి ఆపి వచ్చాను. ఆ నియమం రేపటి నుంచి.

జూన్ 5, గురువారం

ఉదయం 6.30. చిన్న చిక్కు. నేనే తెచ్చుకున్నాను. తెలివి ఎక్కువై అడిగాను.

"కెప్టెన్ గారూ, సె యామ అనేది మరీ మామూలుగా లేదూ? పెద్ద మేడమ్ కదా. ఇంకాస్త దిట్టమైన మాట ఏదైనా ఉందా?"

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు. కళ్ళు మెరిశాయి. పదకొండేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్నట! ఇస్త్రీకి వచ్చిన ఒక కొత్త చొక్కా మడతలోని అట్ట తీసి, దాని మీద వరసగా రాశారు.

యమాదా. అంటే ఫలానా అని పిలిచేది. మనిషికైనా మేకుకైనా పనికొస్తుంది.
దెనొమినాదా. ఆఫీసు కాగితాల్లో వాడేది. మెడకు టై కట్టుకున్న మాట.
తితులాదా. పుస్తకాలకూ బొమ్మలకూ పాటలకూ.
అపొదాదా. ముద్దుపేరో వెక్కిరింపు పేరో ఉంటే.
నొంబ్రాదా. ఎవరినైనా పదవిలో కూర్చోబెట్టినప్పుడు. కుర్చీలో మనిషిని కూర్చోబెడతారు గానీ, కుర్చీనే ఎక్కడో కూర్చోబెడితే ఏం బాగుంటుంది? కొట్టేశాను.

ఇంక నాలుగు. అన్నిటి చివరా ఆదా ఉంది. నా టైము మాత్రం ఆదా అయ్యేలా లేదు. అయినా ఎంత మజా! ఒక్క 'అంటారు'కు ఇన్ని మాటలున్న భాషలో ఆకలేస్తే ఎన్ని ఉంటాయో!

జూన్ 7, శనివారం

ఉదయం 8.00. ఇల్లంతా చీటీలు అంటించాను. తలుపు, బల్ల, ఫ్రిజ్, కిటికీ. అన్నిటి మీదా స్పానిష్ పేర్లు.

సాయంత్రం 5.00. షెడ్డులో అందరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. నా ప్రతిభ పాకిపోయిందనుకుని నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చొక్కా విప్పితే వీపు మీద చీటీ. "మూడు రోజుల ముచ్చట" అని మా ఆవిడ చేతిరాత.

"మూడు కాదు, ఆరో రోజు," అన్నాను రోషంగా.

"అయ్యో, పొడిగించారా? ఫ్లూటు నాలుగు రోజులే కదా నడిచింది," అంది.

ఆ ఫ్లూటుతో ఇప్పుడు మంచం కిందికి దొర్లినవి లాగుతున్నాం. చేపల తొట్టెలో ఉల్లిపాయలున్నాయి. సరే, నిజమే. కానీ అవి నా సరదాలు. ఇది మామయ్య కుర్చీ.

జూన్ 9, సోమవారం

ఉదయం 7.50. వాన. వానలో బొగ్గు రాజుకోదు కాబట్టి కెప్టెన్ గారు కొట్టు తెరవరు కాబట్టి లేవలేదు.

ఉదయం 8.30. కొట్టు తెరిచే ఉందట. మా ఆవిడ చీర ఇచ్చి వచ్చింది.

ఇవాళ్టి ఇరవై మాటలు రేపటి ఇరవైతో కలిపి నలభై.

జూన్ 10, మంగళవారం

రేపటికి అరవై.

జూన్ 11, బుధవారం

సోఫా కుషన్ల ఆర్డరు. పద్దెనిమిది. సూది పట్టుకున్న చేత్తో పుస్తకం ఎలా పట్టుకోను? పైగా నిద్ర తక్కువైతే జ్ఞాపకశక్తి దెబ్బతింటుందని ఎక్కడో చదివాను. చదువు కోసమే పడుకుంటున్నాను.

జూన్ 12, గురువారం

ఉదయం 6.05. ఘోరం! ద్రోహం! వెన్నుపోటు!

పాలకని బయల్దేరి, ఊరికే చూద్దామని ఇస్త్రీ కొట్టు వైపు తిరిగాను. గడప బయట తెలిసిన చెప్పులు. ఎడమ చెప్పుకు తెల్లదారంతో కుట్టు. ఆ కుట్టు వేసింది నేనే! లోపలి నుంచి పెద్దల్లుడి గొంతు.

"ఎస్తా సీయా... దెనొమినాదా... ఫలానా!"

నేను మానేసిన ఐదున్నర క్లాసులో ఆయన చేరారు. మూడు రోజులైందట.

"అన్నగారూ! మీరా!" అన్నాను.

"నువ్వు మానేస్తావని అందరికీ తెలుసు కదా తమ్ముడూ. ఎవరో ఒకరు సిద్ధంగా ఉండొద్దూ?" అన్నారు, ఏ మాత్రం తొణక్కుండా.

"స్కూలు బల్లలు చేద్దామన్నది మీరేగా?"

ఆయన కాసేపు చెప్పుల వైపు చూశారు. "అన్నాను. బల్లలకు ఆర్డర్లు వస్తాయని అన్నాను. ఆయన సొంత పని మానేస్తానంటారని నేనేమైనా కలగన్నానా?" అన్నారు మెల్లగా.

నాకు కోపం సగం దిగిపోయింది. మిగతా సగం దెనొమినాదా మీద ఉంది.

సాయంత్రం 6.00. కుర్చీకి టై కడతారటండీ! దెనొమినాదా అట!

జూన్ 13, శుక్రవారం

ఉదయం 5.30. లేచాను. పోటీ అంటే పోటీయే. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం, మధ్యలో ఇస్త్రీ బట్టల మూట.

ఆయన వాదన: "మన షెడ్డుకు ఒక హోదా ఉండాలి. దెనొమినాదా అంటే రిజిస్టరు చేసినట్టుంటుంది."
నా వాదన: "అత్తయ్య కోసం చేసిన కుర్చీకి రిజిస్టరు ఎందుకు? యమాదా చాలు. ఇంట్లో మనిషిని పిలిచినట్టుంటుంది."
కెప్టెన్ గారు: "ఓడను నీళ్ళలోకి దింపేటప్పుడైతే ఇంకో మాట అంటారు. బౌతిసాదా."
ఇద్దరం కలిసి: "అది మాకొద్దు!"

జూన్ 15, ఆదివారం

అత్తయ్య ఇంట్లో భోజనాలు. యమాదా, దెనొమినాదా అని కేకలు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో పడీ పడీ నవ్వారు. కొత్త విషయం కూడా కనిపెట్టాను. ఈ కుర్చీని బొమ్మలా, కళలా చూస్తే తితులాదా కూడా నడుస్తుంది! ఆ మాట అనగానే పెద్దల్లుడు చెయ్యి కడిగేసుకున్నారు. మామయ్య తలెత్తకుండా తిన్నారు.

అత్తయ్య తన కుర్చీలో కూర్చుని మా గొడవంతా వింటూ, "ఏదో ఒకటి అనండి బాబూ, పాపం ఆవిడకు పావుగంటే కదా ఉంటుంది," అంది.

జూన్ 17, మంగళవారం

లేవలేదు. పెద్దల్లుడూ లేవలేదు. "మీరు లేస్తే లేద్దామనుకున్నా," అన్నాను. "నేనూ అదే," అన్నారు. ఓడ మాట వద్దన్న తర్వాత మాకు ఇది రెండో ఏకాభిప్రాయం.

జూన్ 18, బుధవారం

సాయంత్రం 5.30. మా ఆవిడ పరీక్ష పెట్టింది. పదహారు రోజులు, రోజుకు ఇరవై. మూడు వందల ఇరవై మాటలు రావాలి. వచ్చినవి పదమూడు. అందులో తొమ్మిది ఉల్లిపాయలు తరగడానికి సంబంధించినవి. గురువుగారి అనుభవం అలాంటిది.

"ఆవిడ ఉల్లిపాయ తెస్తే మనదే ఆర్డరు," అంది.

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. ఫ్రిజ్ మీది చీటీ వెనకవైపు సరుకుల జాబితా రాసి ఉంది. తలుపు చీటీ ఊడి చీపురుకు అంటుకుంది. దీక్ష ఇక్కడితో సమాప్తం. రాయడానికి ఏమీ లేదు. డైరీ కూడా సమాప్తం.

జూన్ 20, శుక్రవారం

రాయను అనుకున్నాను. రాయాల్సి వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి దారం కోసం షెడ్డు వెనకగదిలోకి వెళ్ళాను. మామయ్య నిచ్చెన ఎక్కి ఉన్నారు. ఆయన సొంత నమూనాల అట్టలు, కాళ్ళవీ చేతులవీ వీపులవీ, పెన్సిల్ గీతలతో కత్తిరించి పెట్టుకున్నవి, నలభై ఏళ్ళవి. అన్నీ కట్టగట్టి, తాడు బిగించి, అటక మీదికి నెడుతున్నారు.

"ఇంకా మూడు రోజులుంది కదా మామయ్యా," అన్నాను.

"ఆవిడ వద్దన్నాక అయితే చేతులు రావు అల్లుడూ. ఇప్పుడే నయం," అన్నారు.

నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. సిగ్గేసింది. ఈయన కోసం నేను చేసింది ఏంటి? ఒక మాట మీద పోట్లాట. అంతే.

సాయంత్రం 6.00. పెద్దల్లుడి ఇంటికి నడిచి వెళ్ళాను. ఆయనా ఆ కట్ట చూశారట. ఇద్దరం గుమ్మంలోనే రాజీ పడ్డాం. సె యామ. మొదటి రోజు నేర్చుకున్నదే. టై లేదు, బొమ్మ లేదు, ఓడ లేదు. "ఎస్తా సీయా" ఆయన అంటారు. "సె యామ ఫలానా" నేను అంటాను. ఆ తర్వాత కుర్చీ తయారీ గురించి ఆయన ఇంగ్లీషులో చెప్తారు. మేడమ్‌కు కాస్త ఇంగ్లీషు వచ్చట.

జూన్ 22, ఆదివారం

ఉదయం 5.30. లేచాను! రిహార్సల్! కెప్టెన్ గారు మేడమ్ వేషం కట్టారు, భుజం మీద ఎవరిదో దుప్పటి వేసుకుని. ఇరవై ఏడు సార్లు చెప్పాం. "ఎస్తా సీయా" అని ఆయన, "సె యామ ఫలానా" అని నేను. ఇరవై ఎనిమిదోసారికి రెండు గొంతులూ ఒకే మనిషివిలా వచ్చాయి. కెప్టెన్ గారు చప్పట్లు కొట్టారు. ఒక చొక్కా కాలింది.

రేపు మాదే! రాసిపెట్టుకోండి!

జూన్ 23, సోమవారం

మధ్యాహ్నం 2.00. వరసగా రాస్తాను.

9.40. అత్తయ్య కూడా మామయ్యతో వచ్చింది. "నా కుర్చీని చూడ్డానికి దేశాలు దాటి వస్తుంటే నేను ఇంట్లో ఉంటానా?" అంది. ముందుగదిలోని ఆ కుర్చీలోనే కూర్చుంది. మిగతా వాటిలో కూర్చుంటే లేవలేదు మరి.

11.20. మేడమ్ వచ్చారు. పొట్టి మనిషి, పెద్ద బూట్లు, మెడలో కళ్ళద్దాలు. అప్పటికే మూడు షెడ్లు చూసి అలిసిపోయి ఉన్నారు. అత్తయ్య లేవబోతే వద్దని సైగ చేశారు. మామయ్య మూలన, కర్రను నున్నగా చెక్కే చిత్రిక మిషను పక్కన నిలబడ్డారు, చేతులు వెనక్కి కట్టుకుని.

11.23. పెద్దల్లుడు గొంతు సవరించుకున్నారు. "ఎస్తా సీయా!" మోగింది.

మేడమ్ మొహం విచ్చుకుంది! తన భాష! నేను ఒక అడుగు ముందుకు వేశాను. "సె యామ..."

ఆగిపోయాను.

ఫలానా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఫలానా ఏంటి? ఏ ఫలానా? ఇరవై ఒక్క రోజులు పేరును ఏ మాటతో చెప్పాలా అని కొట్టుకు చచ్చాం. అసలు పేరేంటని ఒక్కరం, ఒక్కసారి, ఎవరినీ అడగలేదు!

పెద్దల్లుడి వైపు చూశాను. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. ఇద్దరం కలిసి మామయ్య వైపు చూశాం.

"నన్ను చూస్తారేం?" అన్నారు మామయ్య. "నేను పేరేం పెట్టలేదు. చేసినవాడే పేరు పెట్టుకుంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుంది. అడుగున సుద్దతో పద్నాలుగు అని ఉంది. అదే చెప్పండి."

పద్నాలుగుకు స్పానిష్ రాదు. మూడుదాకానే వచ్చు, అదీ ఉల్లిపాయల లెక్కలో. మేడమ్ మమ్మల్ని చూశారు. కుర్చీని చూశారు. గడియారం చూసుకున్నారు. మామయ్య నెమ్మదిగా తలపంకించి, గోడకున్న సుత్తి వైపు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను.

అప్పుడు కుర్చీలోంచి అత్తయ్య అంది.

"పేరుంది."

అందరం తిరిగాం. అత్తయ్య చెంగు సర్దుకుంది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. ఈ వయసులో!

"ఇంట్లో ఉన్నదాన్ని నేను ఒక పేరుతో పిలుస్తాను. ఎవరికీ చెప్పలేదు. మీరంతా నవ్వుతారని."

"చెప్పండత్తయ్యా! నవ్వితే మా మీద ఒట్టు!" అన్నాను.

"ఏమండీ," అంది.

"ఆఁ?" అన్నారు మూల నుంచి మామయ్య.

"మిమ్మల్ని కాదు. కుర్చీని." అత్తయ్య తల వంచుకుంది. "ఆపరేషన్ అయిన కొత్తలో, లేవాలంటే ఈయన్నే కేకేసేదాన్ని. ఏమండీ అనేదాన్ని. ఎక్కడున్నా వచ్చి చెయ్యి ఇచ్చేవారు. తర్వాత ఈ కుర్చీ చేసిచ్చి మళ్ళీ షెడ్డుకు పోవడం మొదలుపెట్టారు. ఇంట్లో నేనొక్కదాన్నే. లేవాలంటే అలవాటుగా నోట్లోంచి ఏమండీ అని వస్తుంది. రెండు చేతులూ వీటి మీద వేస్తాను. అది నన్ను లేపుతుంది. రోజూ అంతే. దాని పేరు ఏమండీ."



పెద్దల్లుడు ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టారు. ఆయన ఇంగ్లీషు మామూలుగా గుర్రంలా పరుగెడుతుంది. ఇవాళ మాట మాటకూ ఆగింది. మేడమ్ అడిగారు, అది భర్త పేరా అని. కాదన్నారు. మరి భర్త పేరేంటంటే, అది ఈవిడ ఎప్పుడూ పలకలేదన్నారు. మేడమ్ ఇంకోసారి చెప్పించుకున్నారు. అర్థమయ్యాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

మామయ్య గిర్రున వెనక్కి తిరిగి చిత్రిక మిషను వేశారు. గరగర మోత! అందులో కర్ర లేదు. ఊరికే తిరుగుతోంది. మాకు వినపడకూడనిది ఏదో ఉంది ఆయన దగ్గర.

అత్తయ్య రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసి, మామూలుగా ఇంట్లో అన్నట్టే, "ఏమండీ," అంది. లేచి నిలబడింది. మిషను ఆగింది.

మేడమ్ వెళ్ళి కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. పొద్దుటి నుంచి బూట్లలో తిరిగిన కాళ్ళు చాపుకున్నారు. కాసేపటికి చేతులు ముందుకు వేసి, "ఎమాందీ," అని లేచారు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ "ఎమాందీ!" మూడుసార్లు. మూడోసారి పకపకా నవ్వారు. పావుగంట కాస్తా నలభై నిమిషాలైంది.

ఇంకా రెండు షెడ్లున్నాయని వెళ్ళారు. సాయంత్రం చెప్తారట.

సాయంత్రం 5.15. ఫోను! పెద్దల్లుడు ఎత్తారు. విన్నారు. రిసీవర్ పెట్టేసి, నన్ను అమాంతం ఎత్తి తిప్పారు. ఆయనకు నడుం నొప్పి కూడా ఉంది పాపం!

మాదే! మా కుర్చీయే! మొదటి విడత అరవై!

సాయంత్రం 5.40. ఒక చిన్న సంగతి. దుకాణంలో కుర్చీ మీద పెట్టే రేకు మీద పేరు ఒక్కటే ఉంటుందట. దానికి ముందు యమాదా, దెనొమినాదా, ఏదీ ఉండదట. పెద్దల్లుడూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని షెడ్డు గడప మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. మా ఆవిడ వచ్చి చూసి, మంచినీళ్ళిచ్చి వెళ్ళింది.

జూన్ 24, మంగళవారం

ఉదయం 5.30. ఎవరో తలుపు కొట్టారు. దీక్ష అయిపోయింది కదా, హాయిగా పడుకుందామనుకున్న మొదటి రోజు!

మామయ్య. చంకలో అట్టల కట్ట, తాడు విప్పేసి ఉంది. చేతిలో కొత్త నోటుపుస్తకం.

"అల్లుడూ, ఇంకొకటి గీశాను. ఇద్దరు పట్టే కుర్చీ. మూడు నెలల తర్వాత ఆవిడ మళ్ళీ వస్తుందటగా? దీని గురించి నేనే చెప్పాలి. ఆ భాషలోనే."

"మీరా మామయ్యా? చేసినవాడు పేరు పెట్టకూడదన్నారుగా?"

"పేరు కొత్తగా పెట్టేదేముంది, ఉన్నదే," అని, వీధి అటూ ఇటూ చూసుకుని, నా చెవి దగ్గరికి వంగి చెప్పారు.

అత్తయ్య పేరు. నలభై ఎనిమిదేళ్ళుగా 'ఇదిగో'తోనే నెట్టుకొచ్చారట. ఆయన నోట ఆ మాట ఇదే మొదటిసారి. ఏదో దొంగసొమ్ము చేతిలో పెట్టినట్టు చెప్పి, వెంటనే దూరం జరిగారు. ఆ పేరు ఈ డైరీలో రాయను. డైరీ కంటే ముందు అత్తయ్య వినాలి.

ఉదయం 6.00. కొత్త దీక్ష. తొంభై రోజులు. విద్యార్థులు ఇద్దరు. పెద్దల్లుడికి కబురు పంపాను కాబట్టి ముగ్గురు.
రోజూ 5.30కు లేవడం.
రోజుకు ఐదు మాటలు. సరే, మూడు.
ఉల్లిపాయ తప్ప.
సాకులు వారానికి ఒకటి.

ఉదయం 6.20. కెప్టెన్ గారు బొగ్గు రాజేస్తున్నారు. స్పానిష్ తర్వాత, ముందు తెలుగులో చెప్పగలగాలి అన్నారు. అందుకని మామయ్య కొట్టు ముందు అటూ ఇటూ తిరుగుతూ అత్తయ్య పేరు బయటికి అనడం సాధన చేస్తున్నారు. ఇంతవరకు సగం వచ్చింది.